గడువున్న హక్కు, గడువు లేని తాళం

ఇంటర్నెట్ ద్వారా సినిమాలను, టెలివిజన్ కార్యక్రమాలను అందించే ఓటీటీ వేదికలు తెలుగు ఇళ్లలో నిత్యావసరంగా మారిపోయినా, వాటి వెనుక పనిచేసే రెండు వ్యవస్థల మధ్య ఉన్న తేడా చాలామంది ప్రేక్షకులకు ఇప్పటికీ స్పష్టంగా తెలియదు. మొదటిది కాపీరైటు, అంటే ఒక కృతికి ప్రతులు తీయడానికి, దాన్ని ప్రజలకు చేరవేయడానికి చట్టం దాని యజమానికి ఇచ్చే ప్రత్యేక హక్కు. రెండవది కాపీ రక్షణ, అంటే అనుమతి లేనివారు ఆ కృతిని చూడకుండా, నకలు తీయకుండా సాంకేతికంగా వేసే తాళం. పరిశ్రమలో దీనినే డిజిటల్ హక్కుల నిర్వహణ అని, క్లుప్తంగా డీఆర్ఎం అని అంటారు. హక్కును సృష్టించేది చట్టసభ, దాని హద్దులను తేల్చేది న్యాయస్థానం. తాళాన్ని తయారుచేసేదీ, అది ఎవరికి ఎప్పుడు తెరుచుకోవాలో నిర్ణయించేదీ మాత్రం వ్యాపార సంస్థలు. హక్కుకు మినహాయింపులున్నాయి, గడువుంది. తాళానికి ఆ రెండూ తెలియవు. ఆన్‌లైన్ టెలివిజన్ చుట్టూ ఇన్నేళ్లుగా సాగుతున్న వివాదాల్లో అధికభాగం ఈ తేడా నుంచి పుట్టినవే కాబట్టి, ముందుగా హక్కులను, తర్వాత తాళాన్ని, ఆపైన ఆ రెంటినీ కలిపిన చట్టాన్ని వరుసగా పరిశీలించడం అవసరం.

ఒక సినిమా, అనేక హక్కులు

ఒక సినిమాకు ఒకే హక్కు ఉంటుందనుకోవడం పొరపాటు. తెలుగు చిత్రపరిశ్రమలో థియేటర్ హక్కులను నైజాం, సీడెడ్, ఆంధ్ర, ఓవర్సీస్ అని ప్రాంతాలవారీగా విడగొట్టి అమ్మడం పాత ఆనవాయితీ; టీవీ ఛానెళ్లు పెరిగాక శాటిలైట్ హక్కులు, ఇంటర్నెట్ విస్తరించాక డిజిటల్ హక్కులు, వాటితోపాటు ఆడియో, డబ్బింగ్, రీమేక్ హక్కులు వేర్వేరు చేతుల్లోకి వెళ్లసాగాయి. ఈ విభజన ఎంత దూరం పోగలదో ‘ఆర్ఆర్ఆర్’ సినిమా చూపించింది. 2022 మార్చి 25న థియేటర్లలో విడుదలైన ఈ సినిమా, అదే ఏడాది మే 20 నుంచి తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ భాషల్లో జీ5 వేదికపైనా, హిందీలో నెట్‌ఫ్లిక్స్‌పైనా ప్రసారమైంది. దానితో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఆ సినిమాను తొలిసారి చూసిన విదేశీ ప్రేక్షకులు తెలుగులో తీసిన కథను హిందీ సంభాషణలతో విన్నారు; అసలు భాషలో వినాలనుకున్నవారు మరో వేదికను వెతుక్కోవలసి వచ్చింది. సినిమా ఒకటే అయినా, భాషను బట్టి హక్కు చీలినప్పుడు ప్రేక్షకుడి ముందున్న తలుపులు కూడా చీలిపోతాయి.

భాష తర్వాత కాలం, ప్రాంతం ఈ విభజనకు మరో రెండు గీతలు. థియేటర్ విడుదలకూ ఓటీటీ ప్రసారానికీ మధ్య ఎన్ని వారాల ఎడం ఉండాలన్నది, 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు చిత్రీకరణలు నిలిపివేసి మరీ చర్చించిన అంశాల్లో ఒకటి. ఆ ఎడం తగ్గితే థియేటర్ యజమాని నష్టపోతాడు, పెరిగితే ఓటీటీ సంస్థ చెల్లించే ధర తగ్గుతుంది. డిజిటల్ హక్కుల విలువ ఎంతగా పెరిగిందో చెప్పడానికి క్రికెట్‌ను మించిన సాక్ష్యం లేదు: 2022 జూన్‌లో జరిగిన వేలంలో, 2023 నుంచి 2027 వరకు ఐదు సీజన్ల ఐపీఎల్ ప్రసార హక్కులు మొత్తం 48,390 కోట్ల రూపాయలు పలకగా, అందులో భారత ఉపఖండానికి సంబంధించిన టీవీ హక్కుల వాటా 23,575 కోట్లు, డిజిటల్ హక్కుల వాటా 23,758 కోట్లు. ఇంత ధర పెట్టి కొన్న సంస్థ తాను కొన్న ప్రాంతంలో మరొకరు ప్రసారం చేయకూడదని కోరుకోవడం సహజం. అందుకే ప్రతి వేదికా ప్రేక్షకుడి పరికరానికి ఇంటర్నెట్ సంస్థ కేటాయించిన ఐపీ చిరునామాను బట్టి అతడు ఏ దేశంలో ఉన్నాడో అంచనా వేసి, ఆ దేశానికి హక్కులున్న కార్యక్రమాలనే చూపిస్తుంది.

ఈ ప్రాంతీయ కట్టడి వల్ల, ఇండియాలో చందా కట్టి అమెరికాకో గల్ఫ్‌కో వెళ్లిన తెలుగువారికి నిన్నటిదాకా చూస్తున్న ధారావాహిక హఠాత్తుగా కనబడకుండా పోవచ్చు. డబ్బు చెల్లించిన ప్రేక్షకుడి ఈ ఇబ్బందిని ఐరోపా సమాఖ్య చట్టంతో కొంతవరకు పరిష్కరించింది: 2018 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, ఒక సభ్యదేశంలో చందా కట్టినవారు మరో సభ్యదేశానికి తాత్కాలికంగా వెళ్లినప్పుడు కూడా స్వదేశంలో దొరికే కార్యక్రమాలను చూసే వీలు వేదికలు కల్పించాలి. హక్కుల విభజనను రద్దు చేయకుండానే ప్రేక్షకుడికి న్యాయం చేయవచ్చని ఈ నిబంధన నిరూపించింది.

ఇంట్లో రికార్డు చేసుకోవచ్చా?

టెలివిజన్‌కూ కాపీకీ మధ్య తగవు ఇంటర్నెట్ కంటే పాతది. 1975లో సోనీ సంస్థ బీటామ్యాక్స్ అనే వీడియో రికార్డరును మార్కెట్లోకి తెచ్చిన మరుసటి ఏడాదే యూనివర్సల్, డిస్నీ సంస్థలు అమెరికాలో దావా వేసి, ఇంట్లో కార్యక్రమాలను రికార్డు చేసుకోవడం కాపీరైటు ఉల్లంఘన అనీ, ఆ యంత్రాన్ని అమ్మిన సోనీ కూడా బాధ్యురాలేననీ వాదించాయి. 1984లో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల మొగ్గుతో, నలుగురి అసమ్మతితో, ఈ వాదనను తోసిపుచ్చింది; ప్రసార సమయంలో చూడలేని కార్యక్రమాన్ని రికార్డు చేసుకుని వీలైనప్పుడు చూసుకోవడం న్యాయమైన వినియోగమేనని తీర్పు చెప్పింది. ఏ యంత్రం తమను నాశనం చేస్తుందని స్టూడియోలు భయపడ్డాయో, ఆ యంత్రం పుణ్యమా అనే వీడియో క్యాసెట్ల వ్యాపారం పుట్టి, తర్వాతి కాలంలో వాటికే పెద్ద ఆదాయ వనరు అయింది.

భారతీయ చట్టం ఈ విషయంలో మరింత సూటిగా ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం 37వ సెక్షన్‌లో ప్రసార సంస్థలకు తమ ప్రసారాలపై 25 ఏళ్ల ప్రత్యేక హక్కు ఇస్తూనే, 39వ సెక్షన్‌లో సొంత వాడకానికి, నిజాయితీతో కూడిన బోధనకు, పరిశోధనకు ఆ ప్రసారాలను రికార్డు చేసుకోవడం ఆ హక్కుకు భంగం కాదని స్పష్టం చేసింది. ప్రసారం గాలిలో వచ్చినంతకాలం ఈ మినహాయింపు ఆచరణలో నిలిచింది. అమెరికాలో 2003లో సమాచార నియంత్రణ సంస్థ, డిజిటల్ ప్రసారంతోపాటు వచ్చే ఒక సంకేతాన్ని ప్రతి టీవీ యంత్రమూ గుర్తించి ఆ ప్రసారం ఇంటర్నెట్‌లో పంచబడకుండా అడ్డుకోవాలని ఆదేశించినా, 2005 మేలో ఒక అప్పీలు కోర్టు, ఆ సంస్థకు అటువంటి అధికారం లేదంటూ ఆ నిబంధన అమలులోకి రాకముందే కొట్టివేసింది. ఆన్‌లైన్ ప్రసారంలో మాత్రం తాళం వేయడానికి ప్రభుత్వ ఆదేశం అవసరం లేకపోయింది; వేదికలు మొదటి నుంచీ తాళంతోనే పుట్టాయి. 2007లో బీబీసీ ప్రారంభించిన ఐప్లేయర్ సేవలో దించుకున్న కార్యక్రమాలు నిర్ణీత రోజుల తర్వాత పనిచేయకుండా పోయేవి. క్యాసెట్ యుగంలో ప్రేక్షకుడి చేతిలో ఉన్న కాలనిర్ణయం ఈ విధంగా ప్రసారకర్త చేతికి మారింది.

తాళం పనిచేసే తీరు

ఓటీటీలో ఒక సినిమా నొక్కగానే జరిగే పనిని దశలుగా చూస్తే ఈ తాళం స్వభావం అర్థమవుతుంది. వేదిక సర్వర్లలో ఆ సినిమా కొన్ని సెకన్ల నిడివి గల చిన్న చిన్న ముక్కలుగా, ఒక్కో ముక్క అనేక నాణ్యతా స్థాయుల్లో, సిద్ధంగా ఉంటుంది. ఆ ముక్కలను ఏఈఎస్ అనే గణిత పద్ధతిలో గుప్తీకరిస్తారు, అంటే 128 బిట్ల రహస్య సంఖ్య ఒకటి తెలిస్తే తప్ప బొమ్మగా మారని విధంగా చెదరగొడతారు. ఈ రహస్య సంఖ్యే తాళంచెవి. ప్రేక్షకుడి ఫోను గానీ టీవీ గానీ లైసెన్స్ సర్వరును సంప్రదించి, చందా చెల్లిందా, ఏ దేశం, ఏ పరికరం అన్న ప్రశ్నలకు సంతృప్తికరమైన జవాబు ఇస్తేనే తాళంచెవి వస్తుంది. దానితోపాటు ఎన్ని గంటలు చూడవచ్చు, దించుకుంటే ఎన్ని రోజులు ఉంచుకోవచ్చు, ఏ నాణ్యత వరకు అనుమతి అన్న షరతులూ వస్తాయి. ఆ తాళంచెవి ప్రేక్షకుడి కంటబడదు. పరికరంలోని ఒక మూసివున్న భాగంలోనే ఉండి, అక్కడే బొమ్మను విప్పుతుంది.

ప్రపంచంలో అత్యధిక వేదికలు వాడే తాళాలు మూడే: గూగుల్‌ది వైడ్‌వైన్, మైక్రోసాఫ్ట్‌ది ప్లేరెడీ, ఆపిల్‌ది ఫెయిర్‌ప్లే. వీటిలో వైడ్‌వైన్ సియాటిల్‌లో మొదలైన చిన్న సంస్థ. 2010లో గూగుల్ దానిని కొన్నది. దానికి ఎల్1 నుంచి ఎల్3 వరకు మూడు భద్రతా స్థాయులున్నాయి. విప్పే పని అంతా ప్రాసెసర్‌లోని సురక్షిత విభాగంలో జరిగితే అది ఎల్1, సాధారణ సాఫ్ట్‌వేర్‌లో జరిగితే ఎల్3. ఒకే చందా కట్టిన ఇద్దరిలో ఒకరి ఫోనులో హెచ్‌డీ బొమ్మ, మరొకరి ఫోనులో మసక బొమ్మ కనబడడానికి తరచుగా ఈ స్థాయీభేదమే కారణం. స్క్రీన్‌షాట్ తీస్తే నల్లటి తెర మాత్రమే మిగలడం, టీవీకి కలిపిన కేబుల్ గుండా బొమ్మ వెళ్లేటప్పుడు కూడా ఇంటెల్ రూపొందించిన హెచ్‌డీసీపీ అనే మరో గుప్తీకరణ కాపలా కాయడం ఇదే ఏర్పాటులో భాగాలు.

ఈ తాళాలు వెబ్ బ్రౌజర్‌లోకి ప్రవేశించిన తీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ ముందు గూగుల్, మైక్రోసాఫ్ట్, నెట్‌ఫ్లిక్స్ సంస్థలు 2012లో ఒక ప్రతిపాదన పెట్టాయి. బ్రౌజరు ఏదైనా సరే, ఈ గుప్త తాళాలతో ఒకే పద్ధతిలో మాట్లాడేలా చేయడం దాని ఉద్దేశం. తాళాల పనితీరును పరిశీలించి లోపాలు బయటపెట్టే భద్రతా పరిశోధకులను కేసుల నుంచి కాపాడే హామీ లేకుండా దీన్ని ఆమోదించకూడదని ఎలక్ట్రానిక్ ఫ్రంటియర్ ఫౌండేషన్ అనే పౌరహక్కుల సంస్థ పట్టుబట్టింది. చివరికి సభ్యుల ఓటింగులో 58.4 శాతం అనుకూలంగా రాగా, 2017 సెప్టెంబరు 18న అది అధికారిక ప్రమాణమైంది. అదే రోజు ఆ పౌరహక్కుల సంస్థ డబ్ల్యూ3సీ సభ్యత్వానికి రాజీనామా చేసింది. వెబ్‌ను రూపొందించిన టిమ్ బెర్నర్స్-లీ ఈ ప్రమాణాన్ని సమర్థించారు. ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు వెతుక్కునే అవసరం లేకుండా సినిమా చూసే సౌకర్యం దీనివల్ల ప్రజలకు కలిగిన మాట నిజం. వెబ్ సాంకేతికతలో బయటివారు తెరిచి చూడలేని ఒక గది శాశ్వతంగా ఏర్పడిన మాటా అంతే నిజం.

తాళానికి తోడైన చట్టం

ఏ తాళమైనా ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుందని పరిశ్రమకు తెలుసు. డీవీడీలకు వేసిన గుప్తీకరణ 1999లోనే విడిపోయింది; హెచ్‌డీసీపీ మూల తాళంచెవి 2010లో ఇంటర్నెట్‌లో బయటపడింది. అందుకే తాళాన్ని విరగ్గొట్టడమే నేరమయ్యేలా చట్టాలు రావాలని పరిశ్రమ కోరింది, 1996లో కుదిరిన ప్రపంచ మేధోసంపత్తి సంస్థ కాపీరైటు ఒడంబడిక అందుకు దారి వేసింది. 1998లో అమెరికా చేసిన చట్టం ప్రకారం, తాళం తీసిన వ్యక్తి ఉద్దేశం మంచిదైనా, చూడాలనుకున్నది చట్టసమ్మతమైనా, అధికారిక మినహాయింపు లేకపోతే తాళం తీయడమే ఉల్లంఘన. అటువంటి మినహాయింపులను మూడేళ్లకొకసారి కాంగ్రెస్ గ్రంథాలయాధిపతి ప్రకటించాలి.

భారతదేశం ఇంకో దారి ఎంచుకుంది. 2012లో కాపీరైటు చట్టానికి చేర్చిన 65ఎ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించినవారికి రెండేళ్ల వరకు జైలు, జరిమానా విధిస్తూనే, చట్టం నిషేధించని పని కోసం తాళం తీయడం ఈ నేరం కిందికి రాదని అదే సెక్షన్‌లో చెప్పింది. గుప్తీకరణ పరిశోధనకు, భద్రతా పరీక్షలకు కూడా మినహాయింపు ఇచ్చింది. తాళానికి కాపలా కాస్తూనే దాన్ని హక్కు హద్దులు దాటనీయని ఈ కూర్పు ఎంతో వివేకవంతమైనది. అయితే ఇందులో ఒక లోటుంది: చట్టసమ్మతమైన పనికి తాళం తీయడం నేరం కాదని చెప్పిన చట్టం, తాళం తీసి ఇవ్వవలసిన బాధ్యతను వేదికపై పెట్టలేదు. ఒక అధ్యాపకుడికి పాఠంలో చూపించడానికి రెండు నిమిషాల దృశ్యం కావాలన్నా, ఒక విమర్శకుడికి సమీక్షలో ఉటంకించడానికి ఒక సన్నివేశం కావాలన్నా, 52వ సెక్షన్‌లోని మినహాయింపులు వారి పక్షాన ఉన్నాయి గానీ ఎదుట ఉన్నది నల్లటి తెరే. దృష్టి, వినికిడి లోపాలున్నవారి కోసం కృతులను వారికి అందుబాటయ్యే రూపాల్లోకి మార్చుకోవడానికి 2012 సవరణ అనుమతినిచ్చింది, అంధ పాఠకుల కోసం రూపొందిన మరాకేష్ ఒడంబడికను 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశమూ భారతదేశమే. తాళం వేసిన వీడియోకు మాటలతో దృశ్యవివరణ జోడించాలనుకునేవారికి ఆ అనుమతి ఇంకా కాగితం దాటి రాలేదు.

సృష్టికర్తల వైపు నుంచి

ఈ చర్చలో పైరసీ చేసే నష్టాన్ని తక్కువ చేసి చూడడం అన్యాయం అవుతుంది. వందల మంది నెలల తరబడి శ్రమించిన పని విడుదలైన రోజునే దొంగ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరికితే, పెట్టుబడిదారుతోపాటు తదుపరి సినిమా కోసం ఎదురుచూసే సాంకేతిక నిపుణులు, కార్మికులు కూడా నష్టపోతారు. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు, నిషేధించిన దొంగ వెబ్‌సైట్లు పేరు మార్చుకుని మళ్లీ వచ్చినప్పుడు ప్రతిసారీ కొత్త దావా అక్కర లేకుండా ఆ నకలు సైట్లకూ నిషేధాన్ని విస్తరించే పద్ధతిని ప్రవేశపెట్టింది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టానికి చేసిన సవరణ, థియేటర్లో అనుమతి లేకుండా సినిమాను రికార్డు చేసినవారికి మూడు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 3 లక్షల రూపాయల నుంచి నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకు జరిమానా నిర్ణయించింది.

సాంకేతికంగా కూడా తాళం ఒక్కటే రక్షణ కాదు. ఎంత గట్టి తాళమైనా చివరికి బొమ్మ తెర మీద కనబడి తీరాలి, కనబడినదాన్ని కెమెరా పట్టగలదు. అందుకని వేదికలు అదృశ్య నీటిగుర్తులను ఆశ్రయిస్తాయి: ప్రతి వీడియో ముక్కనూ కంటికి తేడా తెలియని రెండు రూపాల్లో తయారుచేసి, ఒక్కో చందాదారుకు ఆ రెండు రూపాలను ఒక్కో ప్రత్యేక వరుసలో పంపితే, బయటికి పొక్కిన ప్రతిలోని వరుసను బట్టి అది ఎవరి ఖాతా నుంచి వచ్చిందో తెలుస్తుంది. నిజాయితీ గల ప్రేక్షకుణ్ణి అడ్డుకోకుండా, తప్పు చేసినవారిని మాత్రమే పట్టించే ఈ పద్ధతి తాళం కంటే న్యాయానికి దగ్గరగా ఉంది.

రచయితలకు దక్కవలసిన వాటా కూడా హక్కుల చర్చలో భాగమే. ఒకప్పుడు కథ, పాట, సంగీతం మీది హక్కులన్నిటినీ నిర్మాతకు ఒక్క సంతకంతో శాశ్వతంగా రాసివ్వడం పరిపాటి. 2012 సవరణ తర్వాత, ఒప్పందం నాటికి లేని లేదా వాణిజ్యపరంగా వాడుకలోకి రాని మాధ్యమానికి, ఆ మాధ్యమాన్ని ఒప్పందంలో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, హక్కుల బదిలీ వర్తించదు. సినిమాలో వాడిన సాహిత్యానికి, సంగీతానికి థియేటర్ ప్రదర్శనకు వెలుపల వచ్చే రాయల్టీలో సమాన వాటాను రచయితలు వదులుకున్నా ఆ వదులుకోలు చెల్లదు. కాపీరైటు అసలు ఎవరి కోసం పుట్టిందో చట్టం ఇక్కడ మళ్లీ గుర్తు చేసుకుంది.

తాళం వెనుక మిగిలిపోయేవి

అన్నిటికంటే పెద్ద ప్రశ్న భవిష్యత్తుది. బీబీసీ 1967 నుంచి 1978 వరకు పాత టేపులను చెరిపి మళ్లీ వాడుకోవడంతో ‘డాక్టర్ హూ’ ధారావాహికలో 1960ల నాటి అనేక భాగాలు మాయమయ్యాయి. 90కి పైగా భాగాల చిత్రాలు నేటికీ దొరకలేదు. అయినా ఆ పోయిన భాగాలన్నిటి ధ్వని మాత్రం మిగిలింది, ఎందుకంటే కొందరు వీక్షకులు ఇంట్లో టేపు రికార్డర్లతో ప్రసారాన్ని పట్టి దాచుకున్నారు. ప్రసార సంస్థ పోగొట్టినదాన్ని ప్రేక్షకుడి నకలు కాపాడిన ఈ ఉదంతం ఓటీటీ యుగంలో పునరావృతం కావడానికి వీల్లేదు. 2022 డిసెంబరులో ‘వెస్ట్‌వరల్డ్’ను హెచ్‌బీఓ మ్యాక్స్, 2023 మేలో ‘విల్లో’ను డిస్నీ ప్లస్ తమ వేదికల నుంచి తొలగించాయి. కేవలం వేదిక కోసమే తయారై, డిస్కు రూపంలో ఎన్నడూ రాని కృతిని ఇలా తొలగిస్తే అది ప్రజల దృష్టి నుంచి పూర్తిగా అదృశ్యమవుతుంది.

భారతదేశంలో సినిమా మీది కాపీరైటు, అది విడుదలైన మరుసటి క్యాలెండర్ సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన 1964లో వచ్చిన ‘రాముడు భీముడు’ వంటి సినిమాల మీద ఆ హక్కు 2024తో ముగిసింది. అందులోని రచన, సంగీతం మీది హక్కులు వాటి కర్తల మరణం నుంచి లెక్కించే 60 ఏళ్ల వరకు విడిగా కొనసాగవచ్చు. ఆ సినిమాకు రీళ్లు, క్యాసెట్లు, డిస్కులు ఉన్నాయి గనుక గడువు తీరాక ప్రజలకు చేరే మార్గం ఉంది. నేడు ఓటీటీ కోసమే తీస్తున్న తెలుగు ధారావాహికలకు 60 ఏళ్ల తర్వాత హక్కు ముగుస్తుంది, కానీ లైసెన్స్ సర్వరు ఆగిపోయిన నాడు గుప్తీకరించిన ఆ ముక్కలను విప్పగల తాళంచెవి ఎవరి దగ్గరా ఉండదు. ప్రజలకు చెందవలసిన సొత్తు ఎవరికీ చెందకుండా పోతుంది.

దీనికి పరిష్కారం మన చట్టాల్లోనే ఒక నమూనాగా ఉంది. 1954 నాటి చట్టం, దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ ప్రచురణకర్త కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, మరికొన్ని నిర్దిష్ట గ్రంథాలయాలకు తప్పక పంపాలని ఆదేశించింది. అదే విధంగా, భారతదేశంలో ఓటీటీ కోసం నిర్మించిన ప్రతి సినిమాకు, ధారావాహికకు తాళం లేని ఒక నాణ్యమైన ప్రతిని, 1964లో పూణేలో స్థాపితమైన జాతీయ చలనచిత్ర భాండాగారం వంటి ప్రభుత్వ సంస్థలో జమచేయాలన్న నిబంధన రావాలి. హక్కు గడువు ముగిసేవరకు ఆ ప్రతిని వ్యాపారానికి అడ్డు రాకుండా భద్రపరచాలి, ముగిసిన నాడు ప్రజలకు తెరవాలి. దానితోపాటు బోధనకు, పరిశోధనకు, విమర్శకు, వికలాంగుల సౌలభ్యానికి చట్టం ఇచ్చిన మినహాయింపులను అమలు చేసే మార్గాన్ని వేదికలే కల్పించాలని 65ఎ సెక్షన్‌కు ఒక ఉపనిబంధన చేర్చాలి. చందాదారు దేశం దాటినప్పుడు ఐరోపాలో దొరుకుతున్నపాటి వెసులుబాటును ఇండియాలోని వేదికలు కూడా ఒప్పందాల్లో రాసుకోవచ్చు. వీటిలో ఏదీ సృష్టికర్త ఆదాయాన్ని తగ్గించదు, పైరసీకి దారి ఇవ్వదు. పార్లమెంటు ఆలోచించి గీసిన హద్దులను ఏ సంస్థ సాఫ్ట్‌వేరూ చెరిపివేయకుండా చూడడం వీటన్నిటి సారాంశం, ఆ బాధ్యత తాళం వేసేవారిపై వదిలివేయదగినది కాదు.